పిట్టగోడ ఆజ్ఞ ఎవరితో మాట్లాడుతోంది? ధర్మశాస్త్రాన్ని స్వంత జీవితానికి చదువుకోవడం గురించి

సహోదరి గారికి వందనాలు.

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. ప్రతి జనవరిలో ఆదికాండముతో బైబిలు పఠనం మొదలుపెడుతున్నారు. నిర్గమకాండము ఇరవయ్యో అధ్యాయం దాటగానే పొడిచే ఎద్దులు, తాకట్టు వస్త్రాలు, బలులు, మైలలు వరుసగా వచ్చేసరికి పఠనం ఆగిపోతోంది. ఈ మధ్య ఒక ప్రసంగంలో ద్వితీయోపదేశకాండములోని పిట్టగోడ అంటే ప్రార్థన అనీ, ఇల్లు అంటే మన ఆత్మ అనీ విన్నారు. వినడానికి బాగానే ఉన్నా, ఆ వచనంలో నిజంగా అంత ఉందా అన్న అనుమానం మీకు మిగిలిపోయింది. ఈ ప్రాచీన చట్టాలలో మన వ్యక్తిగత జీవితానికి పాఠం ఉంటే దాన్ని ఎలా వెతుక్కోవాలి అని అడిగారు.

బైబిలు పాఠశాలలో చాలా ఏళ్ళుగా పాత నిబంధన బోధిస్తున్నాను. ఇదే సందేహం విద్యార్థుల నుంచి తరచుగా వింటాను కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను. ఒక ఆజ్ఞ చదివినప్పుడు అందులో నాకేమి వాగ్దానం ఉందని వెతకడానికి ముందు, ఈ ఆజ్ఞ ఎవరి చేతిని పట్టి ఆపుతోంది, ఎవరిని కాపాడుతోంది, ఆ ఇద్దరిలో నేను ఎవరిని అని అడగండి. మనకు తెలియకుండానే మనం బీదవాడి పక్కన, పరదేశి పక్కన నిలబడి చదువుతాం, ఎందుకంటే అక్కడ నిలబడితే ఓదార్పు దొరుకుతుంది. కానీ ధర్మశాస్త్రంలోని, అంటే బైబిలులో మోషే పేరిట ఉన్న మొదటి ఐదు పుస్తకాలలోని, సామాజిక ఆజ్ఞలలో ఎక్కువ భాగం ఇల్లు ఉన్నవాడితో, పొలం ఉన్నవాడితో, అప్పు ఇచ్చినవాడితో, కూలికి మనుషులను పెట్టుకున్నవాడితో మాట్లాడుతుంది. మన జీవితంలో ఆ స్థానం ఎక్కడుందో గుర్తించినప్పుడే ఆ వాక్యం మనల్ని తాకుతుంది.

మీరు ప్రస్తావించిన పిట్టగోడనే తీసుకుందాం. ద్వితీయోపదేశకాండము 22:8 చెప్పేది సూటిగా ఉంది: కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలి, లేకపోతే ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తదోషం ఆ ఇంటిమీదికి వస్తుంది. ఆ దేశంలో ఇళ్ళకు దూలాలమీద కొమ్మలు పరిచి మట్టి మెత్తిన చదునైన కప్పులుండేవి, ఇంటి పనుల్లో సగం ఆ కప్పుమీదే జరిగేవి. యెరికోలో రాహాబు వేగులవారిని తన మిద్దెమీద పరిచిన జనుపకట్టెల కింద దాచింది. యొప్పేలో పేతురు మధ్యాహ్నపు ప్రార్థనకు మిద్దె ఎక్కాడు. వేసవి రాత్రులలో డాబామీద పక్కలు వేసుకుని పడుకునే, సంక్రాంతికి గాలిపటం వెంట వెనక్కి వెనక్కి నడిచే పిల్లలను కేకలేసి ఆపే మనకు ఈ ఆజ్ఞ అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

అయితే వచనాన్ని నిదానంగా చూడండి. ఇక్కడ ఇంకా ఎవరూ పడలేదు. పడబోయేవాడు బంధువో, పనివాడో, పిలవకుండా వచ్చినవాడో చెప్పలేదు, ఎవరైనా సరే అంటోంది. ఖర్చు మాత్రం ఇంటి యజమానిది. బబులోను రాజు హమ్మురాబి శాసనంలోని 229వ నిబంధన ఇంటి గురించే మాట్లాడుతుంది, కానీ అది కట్టిన మేస్త్రీ వైపు తిరుగుతుంది: కట్టడం బలహీనమై ఇల్లు కూలి యజమాని చనిపోతే మేస్త్రీకి మరణశిక్ష, ఆ తరువాతి నిబంధన ప్రకారం యజమాని కొడుకు చనిపోతే మేస్త్రీ కొడుకును చంపాలి. ద్వితీయోపదేశకాండము 24:16 తండ్రి దోషానికి కొడుకును చంపకూడదని చెప్పడం ఎలాంటి ప్రపంచంలోనో దీనివల్ల తెలుస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇలాంటి ముందుచూపు ఇశ్రాయేలుకు తప్ప ఇంకెవరికీ లేదని వేదికలమీద కొందరు చెబుతారు, అది సరికాదు. ప్రాచీన మెసొపొటేమియాలోని ఎష్నున్నా పట్టణపు చట్టాలలో, ఒరిగిన గోడను గురించి అధికారులు హెచ్చరించినా బాగుచేయించక, అది కూలి మనిషి చనిపోతే ఆ యజమాని ప్రాణాపరాధి అవుతాడని ఉంది. బైబిలును గౌరవించడానికి దాని పొరుగువారిని చిన్నబుచ్చనక్కర్లేదు.

ఇప్పుడు ఈ ఆజ్ఞను ప్రాచీన యూదా బోధకులు ఎలా విస్తరించారో గమనించండి. గోడ పది బెత్తెల ఎత్తుకు తగ్గకూడదని కొలత పెట్టారు. రబ్బీ నాతాను అదే వచనాన్ని ఆధారం చేసుకుని, ఇంట్లో కరిచే కుక్కను పెంచకూడదనీ, కదిలిపోయే నిచ్చెనను ఉంచకూడదనీ బోధించినట్లు యూదా బోధకుల చర్చల సంకలనమైన తల్మూదులో ఉంది. ఆయన పిట్టగోడ నుంచి నిచ్చెనకు వెళ్ళాడే గాని ఆత్మలోకి వెళ్ళలేదు. ఆజ్ఞ దేని గురించి బాధపడుతోందో, అంటే నా ఆస్తివల్ల ఇంకొకరి ప్రాణం పోకూడదన్న బాధను అలాగే ఉంచి, దాన్ని ఇంట్లోని మరో వస్తువుకు అన్వయించాడు. మనం వ్యక్తిగత పాఠం అనుకునేదానికి ఇంతకంటే మంచి నమూనా నాకు కనిపించలేదు.

దీన్ని మన ఇళ్ళకు తెచ్చుకుంటే, నీళ్ళు పడలేదని నోరు మూయకుండా వదిలేసిన బోరుబావి, అద్దెకిచ్చిన వాటా మెట్లకు చేతిపట్టు లేకపోవడం, ముట్టుకుంటే జివ్వుమనే మోటారు స్విచ్చు, పైఅంతస్తు వేసేటప్పుడు తాడు కూడా లేకుండా పరంజామీద నిలబడిన కూలీ, ఇవన్నీ ఆ వచనం పరిధిలోకి వస్తాయి. పిట్టగోడ అంటే ప్రార్థన అన్న వ్యాఖ్యానంమీద నాకున్న అభ్యంతరం కూడా ఇదే. ప్రార్థన మంచిదే, అయితే ఆ బోధ ఈ వచనంలోనుంచి రాలేదు. పైగా విన్నవాడు తృప్తిగా ఇంటికి వెళ్ళి, మోటారు స్విచ్చును ఎప్పటిలాగే వదిలేసి నిద్రపోగలడు.

ఇక అప్పుల సంగతి. అప్పు ఇచ్చినవాడిని ఉద్దేశించి ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెప్పే మాటలు నాకు ధర్మశాస్త్రమంతటిలోకీ అతి సున్నితమైనవిగా తోస్తాయి. తిరగలినిగాని దాని పైరాతినిగాని తాకట్టు పట్టకూడదు, ఎందుకంటే అది లేకపోతే ఆ ఇంట్లో పిండి ఉండదు. తాకట్టు వస్తువు తెచ్చుకోవడానికి అప్పు తీసుకున్నవాడి ఇంట్లోకి వెళ్ళకూడదు. బయట నిలబడాలి, ఆ మనిషే లోపలికి వెళ్ళి వస్తువు తెచ్చి ఇవ్వాలి. అతడు బీదవాడై తన పైవస్త్రాన్ని తాకట్టు పెడితే, పొద్దుగుంకేసరికి తిరిగి ఇచ్చేయాలి, ఎందుకంటే రాత్రి అతడు కప్పుకునేది అదే. అప్పు రద్దు చేయమని ఇక్కడ చెప్పడం లేదు. వసూలు చేసుకునే హక్కును గుమ్మం దగ్గర ఆపమని చెబుతోంది. ఇంట్లో ఏముందో, ఏమి లేదో అప్పిచ్చినవాడి కళ్ళకు పడకుండా ఆ గుమ్మం అతని పరువును కాపాడుతుంది.

ఇవి కాగితంమీది ఆదర్శాలేనా అనే ప్రశ్న సహజం. 1960లో ఇజ్రాయేలు సముద్రతీరాన మెసాద్ హషవ్యాహు అనే చిన్న కోట శిథిలాలలో సిరాతో హెబ్రీలో రాసిన ఒక కుండపెంకు దొరికింది. అది క్రీ.పూ. 7వ శతాబ్దపు చివరి కాలానిది. పంట కోసే ఒక కూలీ అక్కడి అధికారికి పంపుకున్న మొర అది. తాను కోయవలసినది కోసి, కొలిచి, కొట్టులో వేశానని, అయినా షోబాయి కుమారుడైన హోషయాహు వచ్చి తన వస్త్రం పట్టుకుపోయాడని, తనతోపాటు ఎండలో కోత కోసినవారందరూ ఇది నిజమని చెబుతారని, దయచేసి వస్త్రం ఇప్పించమని అందులో ఉంది. అతడు మోషే ధర్మశాస్త్రం పేరు ఎత్తలేదు. కానీ ఒక మనిషికి ఒక్క వస్త్రం పోవడమంటే ఏమిటో ఆ పెంకు చూశాక నిర్గమకాండము 22వ అధ్యాయంలోని మాట వేరేగా వినిపిస్తుంది. తాకట్టు వస్త్రాలు పరచుకుని బలిపీఠాల పక్కనే పడుకునేవారిని ఆమోసు ప్రవక్త గద్దించాడంటే, ఆజ్ఞ తెలిసినవారే దాన్ని మీరుతూ భక్తి కూడా చేసేవారన్నమాట.

ఈ విషయం మన ప్రాంతానికి దూరమైనదేమీ కాదు. 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను నియంత్రిస్తూ ఆర్డినెన్సు తెచ్చినప్పుడు, వాయిదాల చెల్లింపు గ్రామ పంచాయతీ కార్యాలయం వద్దగాని నిర్దేశించిన బహిరంగ స్థలంలోగాని జరగాలని నిబంధన పెట్టారు. వసూలుకు వచ్చినవారు ఇంటి అరుగుమీద కూర్చుని కదలకపోతే ఆ ఇంటి ఆడవాళ్ళకు ఎలా ఉంటుందో ఆ రోజులు చూసినవారికి తెలుసు. మీరు ఎవరికీ వడ్డీకి ఇవ్వకపోవచ్చు. కానీ చేబదులు ఇచ్చిన తోడికోడలికి నలుగురు కూర్చున్న పెళ్ళిపందిట్లో ఆ బాకీ గుర్తుచేయడం, తిరిగి ఇవ్వలేని తమ్ముడి సంసారం గురించి ఆరాలు తీయడం కూడా గుమ్మం దాటి లోపలికి వెళ్ళడమే అని నా అభిప్రాయం.

అదే అధ్యాయంలో కూలివాని కూలి పొద్దుగుంకకముందే ఇవ్వాలన్న ఆజ్ఞ ఉంది. దీనికి వివరణ పెద్దగా అవసరం లేదు. "శనివారం ఇస్తాలే" అనేవారందరికీ అది సూటిగానే తగులుతుంది. విశ్రాంతి దినపు ఆజ్ఞ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. నిర్గమకాండము దానికి సృష్టిని కారణంగా చూపితే, ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం ఐగుప్తు దాస్యాన్ని కారణంగా చూపుతుంది: నీవూ దాసుడిగా ఉన్నావు కాబట్టి నీ దాసుడూ నీ దాసీ నీవలెనే విశ్రమించాలి. క్రైస్తవులు ఈ దినాన్ని ఆదివారానికి మార్చుకుని ఆచరించినా, ఆ కారణాన్ని చాలామంది వదిలేశారు. మనం తెల్లబట్టలు కట్టుకుని ఆరాధనకు వెళ్ళే ఉదయమే మన ఇంట్లో అంట్లు తోమే ఆమె మామూలుగా పనికి వస్తుంది, పైగా ఆ రోజు చుట్టాలు వస్తారు కాబట్టి పని ఎక్కువ. ఈ ఆజ్ఞను అడ్డంగా పెట్టుకుని ఆదివారం సినిమా చూడవచ్చా లేదా అని వాదించుకునే యువజన కూటములలో ఆమె సంగతి ఎవరూ ఎత్తరు.

పరిగె విషయానికి వస్తే, లేవీయకాండము 19వ అధ్యాయం పొలం ఓరలు పూర్తిగా కోయవద్దని, రాలిన పరిగె ఏరుకోవద్దని, వాటిని బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమని చెబుతుంది. ఎంత విడవాలో మాత్రం చెప్పదు. తరువాతి కాలంలో, క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదా బోధకుల నియమాల సంకలనమైన మిష్నా, అరవైలో ఒక వంతుకు తగ్గకూడదని కనీసం నిర్ణయించింది. కొలత అడిగే స్వభావం మనుషులకు ఎప్పుడూ ఉంటుంది. ఈ ఆజ్ఞ నేలమీద ఎలా నడిచిందో చూడాలంటే రూతు గ్రంథం రెండో అధ్యాయం చదవాలి. రూతు విధవరాలు, మోయాబు దేశస్థురాలు, బీదరాలు, అంటే ఆజ్ఞ పేర్కొన్న వారందరూ ఆమె ఒక్కతెలోనే ఉన్నారు. ఆమె హక్కు ధర్మశాస్త్రంలో రాసి ఉన్నా, ఆమె అనుమతి అడిగి మరీ ఏరుకుంది. వేరే పొలానికి వెళితే మగవాళ్ళ చేతిలో అవమానం జరగవచ్చని ఆమె అత్త నయోమి భయపడింది. ఆ పొలం యజమాని బోయజు తన పనివాళ్ళకు ఆమెను ముట్టవద్దని ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. చట్టం ఉన్నంతమాత్రాన పొలంలో ఆడమనిషికి భద్రత రాలేదని ఆ కథ దాచిపెట్టదు.

బోయజు చట్టం దగ్గర ఆగలేదు. కట్టలలోనుంచి కావాలని కొన్ని వెన్నులు లాగి పడేయమని, ఆమెను గద్దించవద్దని పనివాళ్ళతో చెప్పాడు. సాయంత్రానికి ఆమె దుళ్ళగొట్టుకున్నది దాదాపు తూమెడు యవలు అయింది. ఆయన ఒక మూటకట్టి చేతిలో పెట్టి ఉండవచ్చు, అలా చేస్తే అది భిక్ష అయ్యేది. వంగి ఏరుకున్నది కాబట్టి ఆమె దాన్ని తన కష్టార్జితంగా అత్తగారి ముందు పోయగలిగింది. క్రిస్మస్‌కు చీరలు పంచి ఫోటోలు తీయించుకునే మన సంఘాలు ఇక్కడ కొంతసేపు ఆగి చదవాలి. వ్యక్తిగతంగా మీరు వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇక్కడే ఉంది: నా సంపాదనలో, నా సమయంలో, నా పరిచయాలలో చివరి గింజ వరకూ నేనే ఊడ్చుకుంటున్నానా, లేక ఇంకొకరు వచ్చి తమ చేతులతో తీసుకోగలిగేలా ఒక ఓర వదులుతున్నానా?

క్రొత్త నిబంధన కూడా ఇలాగే చదివింది. నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయవద్దన్న చిన్న ఆజ్ఞను పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో తీసుకుని, పనిచేసినవాడికి ఆ పనిలో పాలు ఉండాలని వాదించాడు. ఎద్దు దగ్గర మొదలై మనిషి దగ్గరికి వచ్చాడు, ఆజ్ఞలోని న్యాయాన్ని మాత్రం మార్చలేదు. కానుకల ప్రసంగంలో ఈ వచనం చెప్పే బోధకులు అదే అధ్యాయంలో పౌలు ఆ హక్కును తాను వాడుకోలేదని రెండుసార్లు చెప్పిన మాట కూడా చదివితే సంతోషిస్తాను.

ఆహార నియమాలు, ఉన్ని నార కలిపిన బట్ట, మైలలు, బలులు వేరే కోవకు చెందినవి. అపొస్తలుల కార్యములు 10, 15 అధ్యాయాలు చదివిన క్రైస్తవులకు వాటిని ఆచరించవలసిన బాధ్యత లేదు. యూదులలో చాలామంది వాటిని నేటికీ శ్రద్ధగా పాటిస్తారు. వాటిలో వైద్య రహస్యాలు వెతకడం మనవాళ్ళకు ఇష్టం. పంది మాంసంలో పురుగులుంటాయి కాబట్టి దేవుడు వద్దన్నాడని చెబుతారు, కానీ లేవీయకాండము 11వ అధ్యాయం ఇచ్చే కారణం ఆరోగ్యం కాదు, "నేను పరిశుద్ధుడను కనుక మీరును పరిశుద్ధులై యుండవలెను" అన్నదే. పళ్ళెంలోని అన్నం దగ్గర కూడా తాము ఎవరివారో గుర్తుండాలన్నది ఆ నియమాల ఉద్దేశం. ప్రతి వచనం నుంచీ ఒక పాఠం పిండాలని చూడకండి. కొన్ని అధ్యాయాలు ఆ ప్రజల జీవితాన్ని మనకు తెలియజేస్తే చాలు.

కష్టమైన చట్టాల గురించి దాటవేయడం నిజాయితీ అనిపించుకోదు. దాసుడిని కర్రతో కొట్టిన యజమాని గురించి నిర్గమకాండము 21వ అధ్యాయం, చెరపట్టిన స్త్రీని పెండ్లాడడం గురించి, బలాత్కారానికి గురైన కన్యను ఆ మనిషికే ఇవ్వడం గురించి ద్వితీయోపదేశకాండము 21, 22 అధ్యాయాలు చెప్పేవి చదివి మీ మనసు చివుక్కుమంటే, అది విశ్వాసలోపం కాదు. విడాకుల ఆజ్ఞ గురించి అడిగినప్పుడు యేసే, మీ హృదయ కాఠిన్యాన్ని బట్టి మోషే అలా అనుమతించాడని, ఆదినుండి అలా లేదని చెప్పాడు. అంటే ధర్మశాస్త్రంలో దేవుని మనసు వేరు, ఆ మనుషులు మోయగలిగిన హద్దు వేరు అయిన చోట్లు ఉన్నాయి. అలాంటి చోట బలవంతంగా పాఠం తీస్తే ఎవరికో హాని జరుగుతుంది. 19వ శతాబ్దపు అమెరికాలో బానిస యజమానులు అన్యజనులను దాసులుగా కొనవచ్చన్న లేవీయకాండము 25వ అధ్యాయాన్ని చూపించారు. బానిసత్వాన్ని వ్యతిరేకించినవారు, పారిపోయి వచ్చిన దాసుడిని యజమానికి అప్పగించకూడదన్న ద్వితీయోపదేశకాండము 23:15ను చూపించారు. రెండూ మోషే పుస్తకాలలోనివే. హమ్మురాబి చట్టం పారిపోయిన దాసుడిని దాచినవాడికి మరణశిక్ష వేసిందని గుర్తుంచుకుంటే, ఆ రెండో ఆజ్ఞ ఎంత ఎదురీదిందో తెలుస్తుంది.

ధర్మశాస్త్రం తనలోపలే ప్రశ్నకు చోటిచ్చిన సందర్భం ఒకటి సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో ఉంది. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర మోషే ముందూ సర్వసమాజం ముందూ నిలబడి, కొడుకులు లేనంతమాత్రాన మా తండ్రి పేరు ఎందుకు మాసిపోవాలి, మాకూ స్వాస్థ్యం ఇవ్వండి అని అడిగారు. వాళ్ళు చెప్పినది యుక్తమేనని జవాబు వచ్చింది, చట్టం మారింది. తరువాత 36వ అధ్యాయంలో గోత్రపెద్దలు వచ్చి, వాళ్ళు తమ గోత్రంలోనే పెండ్లాడాలని షరతు పెట్టించారు. పూర్తి విజయం కాదు, అయినా ఐదుగురి పేర్లూ నిలిచాయి. కూతురికి ఇచ్చిన కట్నంతో ఆస్తిలో ఆమె వాటా తీరిపోయిందనుకునే క్రైస్తవ కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఈ అధ్యాయం కుటుంబ ప్రార్థనలో ఎప్పుడైనా చదివారా అని నాకు సందేహం.

మీ పఠనానికి ఒక సలహా ఇస్తాను. వచ్చే జనవరి వరకు ఆగవద్దు, ఆదికాండము నుంచి మళ్ళీ మొదలుపెట్టవద్దు. ముందు లేవీయకాండము 19ని రోజుకు నాలుగైదు వచనాల చొప్పున చదవండి. నీ పొరుగువానిని ప్రేమించు అన్న మాట ఆ అధ్యాయంలోనిదే, దాని చుట్టూ పరిగె, కూలి, చెవిటివాడు, గుడ్డివాడు, దొంగ తూకాలు ఉన్నాయి. తరువాత ద్వితీయోపదేశకాండము 24, దాని వెంట రూతు 2. ఆపైన నిర్గమకాండము 22, 23. ప్రతి ఆజ్ఞ పక్కన ఒక నోటుపుస్తకంలో రెండే మాటలు రాసుకోండి: ఎవరిని ఆపుతోంది, ఎవరిని కాపాడుతోంది. రెండూ తేలని చోట గీత గీసి ముందుకు సాగండి. బలుల అధ్యాయాలను ఇప్పుడే పట్టుకోవద్దు. అవి హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 9, 10 అధ్యాయాలతో కలిపి చదవవలసినవి, అందుకు వేరే సమయం పెట్టుకోవచ్చు. కష్టమైన చట్టాలను మాత్రం ఒంటరిగా చదవకండి. మీ సంఘంలో ఇద్దరు ముగ్గురు స్త్రీలను కూడా కూర్చోబెట్టుకుని చదవండి, ఎందుకంటే ఆ వచనాలు ఎవరి మీదుగా వెళ్ళాయో వాళ్ళకు మా బోధకులకంటే త్వరగా అర్థమవుతుంది.